ఉప్పు సోడా బాకీ

మా ఇంట్లో బీరువాకి తాళం లేదు. ఉప్పు డబ్బాకి ఉంది.

ఆ తాళంచెవి నా స్కూటర్ తాళాల గుత్తిలో ఉంటుంది. కిందటేడు వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మ పులిహోర కలపబోయే వేళకి నేను ఆ గుత్తితో సహా రాజమండ్రి వంతెన దాటి, కొవ్వూరులో మా బ్యాంకు లెడ్జర్ల ముందు కూర్చున్నాను. పక్కింట్లో అడగడానికి లేదు. శుక్రవారం పూట ఉప్పు చేబదులు ఎవరిస్తారు? వీధి చివర కొట్టుకి మా అమ్మాయిని పంపితే, కొట్టతను తల అడ్డంగా ఊపాడు. "మీ ఇంటికి ఉప్పు అమ్మనని మీ నాన్నగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు తల్లీ" అన్నాడట. ఆ సాయంత్రం పేరంటానికొచ్చిన పన్నెండు మంది ముత్తైదువలు, అమ్మవారి ప్రసాదం కనక, ఉప్పులేని పులిహోరని కళ్లకద్దుకుని తిన్నారు. మారు మాత్రం ఎవరూ అడగలేదు.

రాత్రి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాపింది. నోట మాట లేదు. తాళంచెవి ఆ చేతిలో పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, మళ్లీ తీసేసుకున్నాను.

ఇదంతా మా నాన్న గుండె కోసం. అలా అని నేను చెప్పుకుంటాను.

నాన్న సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యారు. వయసు 76. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేశారు. బల్ల మీద పడుకుని ఉండి కూడా ఆయన డాక్టరుని, "ఇది కలాంగారూ సోమరాజుగారూ కలిసి చేసిన స్టెంటేనాండీ?" అని అడిగారట. ఆ కలాం–రాజు స్టెంటు 1990ల్లో మన హైదరాబాదులో పుట్టింది, ఆ సంగతి పేపర్లో చదివి గుర్తు పెట్టుకున్నారు. కాదండీ, ఇది మందు పూసిన కొత్త రకం అని డాక్టరు చెబితే నాన్న కాస్త నిరాశపడ్డారు. అయితే ఒకప్పుడు లక్ష పైన పలికిన సరుకుని 2017లో కేంద్రం ముప్పై వేల లోపుకి దించిందని తెలిశాక ఊరట చెందారు. జన్మంతా పొదుపు ఖాతాలు తెరిపించిన మనిషి మరి.

ప్రాణం నిలిచింది గానీ గుండె కండలో కొంత భాగం చచ్చుబడిపోయింది. దీన్ని హార్ట్ ఫెయిల్యూర్ అంటారు అన్నారు డాక్టరుగారు. ఆ మాట వినగానే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఫెయిల్యూరంటే ఆగిపోవడం కాదమ్మా, పంపు నీరసపడటం" అని ఆయన సర్ది చెప్పారు. ఎడమ గదిలో నిండిన రక్తంలో నూటికి 30 పాళ్లే ఒక్కో దెబ్బకి బయటికి వెళుతోందట. దాన్ని ఈఎఫ్ అంటారట.

నాన్న కాసేపు ఆలోచించారు. "అంటే నూరు ఉత్తరాలొస్తే ముప్పయ్యే బట్వాడా అయ్యి, డెబ్బై ఆఫీసులోనే ఉండిపోతున్నాయన్నమాట."

"ఎంత మంచి పోస్టాఫీసులోనైనా నూరూ వెళ్లవండీ. యాభై అయిదు నుంచి డెబ్బై లోపు వెళితే బాగున్నట్టే."

"నా సర్వీసులో అలా జరిగితే సస్పెండ్ చేసేవారు" అన్నారు నాన్న, గుండె మీద కాస్త అసహ్యంగా.

ఇక్కడ నేను అసలు సంగతి చెప్పాలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు లెండి, అంతా ఇంట్లోవాళ్ల కళ్లముందే జరిగింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం పనసపొట్టు కూర, ఆవ పెట్టి. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నారు. సాయంత్రం గోదావరి గట్టు మీద నడిచొచ్చి ఆరున్నరకి అరుగు మీద కూలబడ్డారు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. "ఛాతీలో కాదురా, ఇదిగో ఇక్కడ, బొడ్డుకి పైన పట్టేసినట్టుంది. దవడ లాగుతోంది" అన్నారు.

"ఆ చెమట చూడండి. ఆసుపత్రికి వెళ్దాం" అంది మా ఆవిడ.

మా ఆవిడ ఇంటర్లో బైపీసీ. నేను సీఈసీ, ఆపైన బీకాం. అయినా ఇంట్లో రోగనిర్ణయం మాత్రం నాదే. "పనసపొట్టు తిన్నారుగా, గ్యాసు" అని తేల్చేసి స్కూటరేసుకుని బజారుకి వెళ్లాను. గోలీ సోడా బండి దగ్గర నిలబడి, "నిమ్మకాయ రెండు చెక్కలూ పిండు. ఉప్పు గట్టిగా వెయ్యి, మా నాన్నగారికి గ్యాసు" అని దగ్గరుండి కలిపించాను. నురుగు పోకుండా సీసా మూతికి బొటనవేలు అడ్డుపెట్టి, ఒంటిచేత్తో బండి నడుపుకుంటూ తెచ్చాను. నాన్న తాగారు. పెద్ద త్రేన్పు వచ్చింది. నేను మా ఆవిడ వైపు తిరిగి, "చూశావా?" అన్నాను. బీకాం ఫలితాలు వచ్చిన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

ఎనిమిదిన్నరకి నాన్న పడుకోలేకపోయారు. పడుకుంటే ఊపిరి అందడం లేదన్నారు. మా ఆవిడ నన్నేమీ అడగకుండా 108కి ఫోన్ చేసింది. ఆ నంబరు 2005 నుంచీ మన గోడల మీద, పుస్తకాల మీద, అన్నిటి మీదా ఉంది. నాకు మాత్రం ఆ రోజు సోడా బండే కనిపించింది.

ఆసుపత్రిలో ఈసీజీ కాగితం చేత్తో పట్టుకుని డ్యూటీ డాక్టరు అడిగాడు. నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నవాడు. "ఎన్నింటికి మొదలైందండీ?"

"ఆరున్నరకి."

"ఇప్పుడు తొమ్మిదయింది. అప్పట్నించీ ఏం చేశారు?"

నేను గోడ గడియారం చూశాను. అది కూడా నన్నే చూస్తోంది. "కొద్దిగా... సోడా..." అన్నాను. అతను ఏమీ అనలేదు, రాసుకున్నాడు. ఏం రాశాడో తెలీదు. నాలుగు రోజుల తరవాత డిశ్చార్జి కాగితాలు ఇచ్చారు, మూడు పేజీలు. జనం వాటిలో బిల్లెంతో చూసుకుంటారు. నేను మూడు పేజీలూ సోడా అన్న మాట కోసం వెతికాను. లేదు. అంత మర్యాదస్తుల్ని నేనెక్కడా చూడలేదు.

నాళం మూసుకున్నాక కాసేపటికే కండ చావడం మొదలవుతుందట, ఎంత ఆలస్యమైతే అంత కండ పోతుందట. వయసు పైబడ్డవాళ్లకి నొప్పి ఒక్కోసారి ఛాతీలో కాకుండా పొట్ట పైభాగాన, దవడకి, వీపుకి కూడా వస్తుందట. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. తరవాత నాకు తెలీని విషయం లేదు. నేను లెక్కల మనిషిని కదా, 60లోంచి 30కి పడిపోయిన ఈఎఫ్‌లో నా సోడా వాటా ఎంతో తేల్చమని పెద్ద డాక్టరుగారిని అడిగాను. అలా విడదీసి లెక్క కట్టలేమండీ అన్నారాయన. మా బ్యాంకులో ఆ మాట అంటే ఆడిటరు ఊరుకుంటాడా?

లెక్క తేలని బాకీకి వడ్డీ ఎక్కువ. ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ వసూలు మొదలెట్టాను. బాకీ పడ్డవాణ్ని నేను, వసూలు నాన్న దగ్గర.

మొదట తూకం. హార్ట్ ఫెయిల్యూర్ మనిషికి ఒంట్లో నీరు చేరడం ముందుగా తెలిసేది తూకంలోనే. రోజూ పొద్దున్నే, దొడ్డికి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, ఒకే రకం బట్టల్లో తూచుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే కొవ్వు కాదు, నీరు, వెంటనే ఫోన్ చెయ్యమన్నారు. అంకెలు వెలిగే మిషను ఒకటి కొనుక్కొచ్చాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"నలభయ్యేళ్లు పార్సిళ్లు తూచాను. ఇప్పుడు నేనే పార్సిలునయ్యాను. ఎక్కించు. స్టాంపులెంతవుతాయో చెప్పు."

తూకం రాయడానికి ఆయనే ఒక నోటు పుస్తకం తీసి స్కేలుతో గడులు గీశారు. తేదీ, ప్రారంభ నిల్వ, నేటి తూకం, తేడా, రిమార్కులు. తేడా ఎర్రసిరాతో. ఇంత నిజాయితీ పుస్తకంలో దొంగలెక్క పడుతుందని నేనెందుకు అనుకుంటాను? మూడో వారంలో వరసగా నాలుగు రోజులు 61.2 దగ్గరే ఆగిపోయింది. గోదారి కూడా నాలుగు రోజులు అంత నిలకడగా ఉండదు. అయిదో రోజు తలుపు చాటునుంచి చూశాను. నాన్న మిషనెక్కి, ఎడమచేతి రెండు వేళ్లు, రెండే వేళ్లు, కిటికీ ఊచ మీద ఆనించారు. 61.9 మెల్లిగా దిగి 61.2 అయింది.

"నాన్నా!"

"పార్సిలు మీద చెయ్యేస్తే తూకం పెరుగుతుంది. పార్సిలే చెయ్యేస్తే తగ్గుతుంది. ఇది సర్వీసులో నేర్చుకున్నదేరా" అన్నారు, ఏ మాత్రం సిగ్గుపడకుండా. ముందురోజు మధ్యాహ్నం పక్కింటివారు పంపిన గుమ్మడి వడియాలు తిన్నారని విచారణలో తేలింది.

ఆపైన కాళ్లు. నీరు చేరితే చీలమండల దగ్గర వాపొస్తుంది, బొటనవేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు నేను నాన్న ముంగాలు మీద నొక్కి, గుంట ఎన్ని లెక్కలకి పూడుతుందో చూసేవాణ్ని. రెండు కాళ్లూ, రెండేసి చోట్ల. ఆయన మంచం మీద కూర్చుని పైకప్పు చూస్తూ ఓర్చుకునేవారు. ఒక రాత్రి మాత్రం, "ఒరేయ్, కొడుకులు తండ్రి కాళ్లు పడతారు అంటే విన్నాను. ఇలా అని ఎవరూ చెప్పలేదు" అన్నారు.

అర్ధరాత్రి టార్చి సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ మా ఆవిడ ఇది చదువుతుంది. పడుకుంటే ఊపిరాడక దిండ్ల సంఖ్య పెరగడం కూడా ఒక సూచన అన్నారు కదా, రెండు దిండ్లు మూడయ్యాయేమో చూడ్డానికి రాత్రి రెండింటికి పిల్లిలా వెళ్లి టార్చి వేశాను. దిండ్లు రెండే ఉన్నాయి. నాన్న కెవ్వుమని లేచారు. అమ్మ ఇంకా గట్టిగా కెవ్వుమంది. నాడి చూస్తే 120. గుండె నీరసించిన మనిషి మొహం మీద నడిరాత్రి లైటు కొట్టి, ఆ గుండె ఎలా ఉందో చూసినవాణ్ని నేను. మర్నాడు నోటు పుస్తకం రిమార్కుల గడిలో ఎర్రసిరాతో, "రాత్రి 2 గం.లకు దొంగ. కుటుంబ సభ్యుడే" అని ఉంది.

మాత్రలు మాత్రం నాన్నే చూసుకుంటున్నారు. నాకు వదిలిన ఒక్కరోజు, నీళ్లు పోయించే మాత్రని పొద్దున్న కాకుండా రాత్రి వేశాను. తెల్లవారేలోగా ఆయన ఏడుసార్లు లేచారు. దాంతో ఆ శాఖ నా చేతిలోంచి పోయింది. పాత చెక్కపెట్టెకి అడ్డబద్దలు కొట్టి, సార్టింగ్ కేసులాగా గళ్లు చేసి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని చీటీలు అంటించారు. తొమ్మిది మాత్రలు తొమ్మిది ఊళ్ల ఉత్తరాల్లా తమ తమ గళ్లలో ఉంటాయి. రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నారని 2025లో పేపర్లో వచ్చినప్పుడు ఆయన ఆ పెట్టె ముందే చాలాసేపు కూర్చున్నారు. "దాన్నే లేకుండా చేశారు, మన సంగతెంత" అని రాత్రి మాత్ర నోట్లో వేసుకున్నారు.

ఇక నీళ్లు. రోజుకి లీటరున్నర మించకూడదన్నారు. నీళ్లేనా? కాఫీ, మజ్జిగ, చారు, పాయసం, పప్పులో తేట, అన్నీ లెక్కే. నేను ఒక సీసా మీద గీతలు గీసి, ఆయన ఏది తాగినా అంత నీళ్లు అందులోంచి పారబోసే పద్ధతి పెట్టాను. సాయంత్రానికి సీసా ఖాళీ. అయినా నాన్న మొహంలో దాహం లేదు, పైగా కళకళలాడుతున్నారు. వంటింటి బుట్టలో చూస్తే పుచ్చకాయ తొక్కలు.

"తాగకూడదన్నావు. నేను తిన్నాను" అన్నారు.

ఇన్నిటికీ పరాకాష్ఠ ఉప్పు. అసలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనింట్లో ఒక్క ఆవకాయ బద్దలోనే అందులో ఎంత ఉంటుందో ఆలోచించండి. ఆవపిండి, కారం, ఉప్పు ఇంచుమించు సమానంగా పోసే జాతి మనది. అప్పడం, వడియం, ఊరమిరపకాయ, చింతకాయ పచ్చడి, కొట్లో కొన్న బిస్కట్టు, ఆఖరికి గ్యాసుకని తాగే సోడా పొడి కూడా సోడియమే. సోడా అన్న మాట ఆ జాబితాలో చదివినప్పుడు నేను ఆ పథ్యాల పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

అందుకని ఇంట్లో అందరికీ ఒకటే చప్పిడి వంట అని శాసనం చేశాను. అమ్మ నాలుక్కి వయసు మీద పడ్డది కనక ఏమీ అనలేదు. మా అమ్మాయి ఇంటర్. ఉన్నట్టుండి దానికి స్నేహితురాళ్ల ఇళ్లలో రాత్రిపూట కంబైన్డ్ స్టడీలు పెరిగాయి. మూడు వారాలు ఓర్చుకుంటే నాలుకకి అలవాటవుతుందని నేను ఉపన్యాసాలు ఇచ్చాను. నాన్నకి నిజంగానే అలవాటయింది. నాకు కాలేదు. కొవ్వూరులో బ్యాంకు వెనక మెస్సులో నెలసరి ఖాతా తెరిచాను. అక్కడ నా అన్నంలో మాగాయ ఎంత వేస్తారో చూసిన మా అటెండరు, "ఇంట్లో ఎవరికైనా బాగోలేదాండీ?" అని అడిగాడు. వాడికెలా తెలిసిందో!

అలాంటి రోజుల్లో నాకు బజార్లో ఒక ప్యాకెట్టు దొరికింది. సోడియం తక్కువ ఉన్న ఉప్పు. రుచి ఉప్పే, సోడియం తక్కువ! నెత్తి మీద పాలు పోసినట్టయింది. రెండు కిలోలు కొన్నాను. తాళం తీసేసి డబ్బా నింపి, "ఇహ మీ ఇష్టం" అని ఇంటిల్లిపాదికీ వరమిచ్చాను. నాన్న ఆ రోజు చారు మూడుసార్లు పోసుకున్నారు. మా అమ్మాయి చదువు ఇంట్లోనే సాగింది. అదే వారం చుట్టాలు పలకరింపులకి రావడం మొదలెట్టారు. మనవాళ్లు గుండె మనిషిని చూడ్డానికి ఒట్టి చేతులతో రారు కదా. ఒకరు గెల కొబ్బరిబోండాలు, ఒకరు రెండు అత్తాల చక్కెరకేళి, ఒకరు తెల్లమద్ది బెరడు. బెరడు నేను అటకెక్కించాను, అక్కడికి తెలివి ఉంది. బోండాలు మాత్రం స్వహస్తాలతో కొట్టి ఇచ్చాను, లీటరున్నర లెక్కలో రాసి మరీ.

పది రోజుల తరవాత మామూలు పరీక్షకి రక్తం ఇచ్చాం. మధ్యాహ్నం ల్యాబు నుంచి కాదు, డాక్టరుగారి దగ్గర్నుంచే ఫోన్. పొటాషియం 6.1 ఉంది, వెంటనే తీసుకురండి. అయిదు దాటితేనే జాగ్రత్తపడాలట. ఆరు దాటితే ఉన్నపళంగా గుండె లయ తప్పే ప్రమాదముందట.

ఈసీజీ తీశారు. సూది మందులు మొదలయ్యాయి. నర్సమ్మ ఇన్సులిన్ అనగానే నేను అడ్డం నిలబడ్డాను. ఈసారి తప్పు జరగనివ్వకూడదని నిశ్చయించుకుని ఉన్నాను కదా. "మా నాన్నగారికి షుగరు లేదమ్మా! ఎవరిదో మందు మాకు చేస్తున్నారు!" వార్డంతా తిరిగి చూసింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది, ఇన్సులిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుందనీ, షుగరు పడిపోకుండా గ్లూకోజు కూడా కలిపి ఎక్కిస్తున్నారనీ. పక్క మంచం ముసలాయన నాన్నతో, "మీ అబ్బాయా?" అన్నాడు. నాన్న కొంచెం ఆలోచించి, "అవునండీ" అన్నారు.

పెద్ద డాక్టరుగారొచ్చారు. "తిండిలో ఏం మార్పు చేశారు?"

సోడియం తగ్గించిన ఆ ఉప్పులో దాని బదులు ఉండేది పొటాషియమే. నాన్న వేసుకునే మాత్రల్లో రెండు ఒంట్లో పొటాషియాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచేవి. దానికి తోడు డెబ్బై దాటిన మూత్రపిండాలు. ఆపైన బోండాలు, అరటిపళ్లు. నాలుగు దారుల్లో ఒకే సరుకు దిగుమతి చేశాం. బజార్లో దొరుకుతోంది కదా, పేరులో ఆరోగ్యం ఉంది కదా అని ఇలాంటి ఉప్పు గుండె మనిషికి పెట్టే ముందు అడగాలా వద్దా అన్నారు ఆయన, అందరి మొహాలూ చూస్తూ. "ఎవరి ఆలోచన ఇది?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. ఆ డ్యూటీ డాక్టరు, ఆ గోడ గడియారం, ఆ సోడా అన్నీ గొంతులో అడ్డం పడ్డాయి.

"నేనే తెప్పించుకున్నానండీ" అన్నారు నాన్న మంచం మీంచి. "చప్పిడి తినలేకపోయాను. మావాడు వద్దనే అన్నాడు."

డాక్టరుగారు నాన్నని అయిదు నిమిషాలు చీవాట్లు పెట్టారు. నాన్న తలవంచుకుని విన్నారు. నేను కూడా పక్కన నిలబడి తల ఊపుతూ విన్నాను. ఒకచోట, "అదే నేనూ చెబుతున్నానండీ" అని కూడా అన్నాను. మా ఆవిడ వంక ఆ రోజంతా చూడలేదు.

మర్నాటికి పొటాషియం దిగింది. పాత ఉప్పు, పాత తాళం, పాత చప్పిడి మళ్లీ వచ్చాయి.

తరవాత నెల్లాళ్లకి జరిగింది ఇంకొకటి ఉంది. దాన్ని మా ఇంట్లో "అసలు కేసు" అంటారు.

నాన్నకి నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి చిన్న మాత్రలు ఇచ్చారు, సార్బిట్రేటు. నేను వాటిని పూజగదిలో, స్కూటరు డిక్కీలో, బ్యాంకు సొరుగులో, నా చొక్కా జేబులో కూడా ఉంచాను. ఈ మందుకి అన్నలాంటిది నైట్రోగ్లిజరిన్ అనీ, దాంతో డైనమైటు చేసిన నోబెల్‌కి చివరి రోజుల్లో గుండెజబ్బుకి డాక్టర్లు అదే రాసిచ్చారనీ మా అమ్మాయి చెబితే, నాన్న మాత్రల రేకుని చూసి, "అయితే కూర్చునే పెట్టుకోవాలి" అన్నారు. నిజమే, డాక్టరు కూడా కూర్చునే పెట్టుకోమన్నారు, రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయని.

నేను నిలబడి పెట్టుకున్నాను. ఎందుకంటే ఒక రాత్రి పదిన్నరకి నాకు ఛాతీలో పట్టేసింది. ఆ మధ్యాహ్నం మెస్సులో గుత్తివంకాయ కూర, పెసరట్టు, మాగాయ, మీగడ పెరుగు తిని ఉన్నాను గానీ ఆ సంగతి ఇంట్లో చెప్పేది కాదు కదా. చెమటలు పట్టాయి. దవడ కూడా లాగినట్టే ఉంది. జేబులో మాత్ర తీసి నాలుక కింద పెట్టుకున్నాను. రెండు నిమిషాల్లో తలలో ఎవరో రోలు పెట్టి రుబ్బడం మొదలెట్టారు. మూడో నిమిషంలో హాలు పక్కకి ఒరిగింది. నేను సోఫా అనుకుని పక్కనున్న బియ్యం డబ్బా మీద కూర్చోబోయాను.

108కి ఫోన్ చేసింది నాన్న. పావుగంటలో బండి వచ్చింది. నాన్న చొక్కా వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, గుండె 30 పాళ్లు కొట్టుకుంటూ బండెక్కారు. దారి పొడుగునా, "ఏం లేదురా, ఊపిరి పీల్చు, ఏం లేదు" అంటూనే ఉన్నారు.

అదే ఆసుపత్రి. అదే కుర్ర డాక్టరు. నన్ను గుర్తుపట్టాడు. ఈసీజీ రెండుసార్లు తీశాడు, రక్తపరీక్ష చేయించాడు, తెల్లవారుజామున మళ్లీ చేయించాడు. అన్నీ బాగున్నాయి. "ఏం తిన్నారు?" అన్నాడు. మా ఆవిడ, మా నాన్న, ఇద్దరూ వింటుండగా నేను మెస్సు భోజనం మొత్తం వరసగా ఒప్పుకోవాల్సి వచ్చింది. మాగాయ అన్నప్పుడు నాన్న కళ్లు మూసుకున్నారు.

"గ్యాసండీ" అన్నాడు డాక్టరు.

నాన్నకి గుండెపోటు వస్తే సోడా. నాకు గ్యాసొస్తే అంబులెన్సు.

అనుమానం వస్తే రావడమే మంచిదండీ, గ్యాసని ఇంట్లో కూర్చోవడం కంటే నయం అని కూడా అన్నాడతను. చాలా మామూలుగా అన్నాడు. నేను దుప్పటి అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న మేం ఇంటికొచ్చేసరికి ఆరు. నాన్న స్నానం చేసి, కాఫీ తాగకుండా, మిషను హాల్లో మధ్యకి జరిపారు. ఆయన ఎక్కారు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని. 61.4. రాసుకున్నారు. తరవాత పుస్తకంలో ఎదుటి పేజీ తిప్పి స్కేలుతో గడులు గీసి, పైన నా పేరు రాశారు.

"ఎక్కు."

"నాకెందుకు నాన్నా?"

"ఎక్కమన్నానా."

ఎక్కాను. కిటికీ ఊచ దగ్గరగానే ఉంది గానీ ఆయన అటు నిలబడ్డారు. నేను కిందికి చూడకుండా గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. ఎందుకో అప్పుడే చెప్పాలనిపించింది.

"నాన్నా, ఆ రోజు నేను సోడా తేకుండా ఉండి ఉంటే..."

ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని మిషను మీదికి వంగారు.

"ఉప్పు బాగా వేయించావురా ఆ సోడాలో. అదే ఆఖరు, మళ్లీ నీ చేత్తో ఉప్పు పెట్టలేదు నువ్వు" అన్నారు. "కదలకు. అంకె నిలబడట్లేదు."